పండక్కి అత్తవారి ఊరు

పెళ్ళయ్యాక వచ్చే మొదటి సంక్రాంతికి కూతుర్నీ అల్లుణ్ణీ ఊరికి పిలిపించుకుని, నాలుగు రోజులు ఉంచుకుని, కొత్తబట్టలు పెట్టి పంపడం కోస్తా ఆంధ్రలో చాలా ఇళ్ళకు ఆనవాయితీ. గోదావరి జిల్లాల్లో ఈ పట్టింపు మరీ ఎక్కువ. అక్కడ ‘పండగ’ అంటే సంక్రాంతే. దసరా, దీపావళి అయితే పేరు పెట్టి చెబుతారు, దీనికి పేరక్కర్లేదు. ‘పండక్కి అల్లుడొస్తున్నాడా?’ అన్నది డిసెంబరు మొదలయిందంటే ఆ ఇంటి పెద్దకు ఊళ్ళో ఎదురయ్యే మొదటి పలకరింపు. హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉద్యోగం చేసుకుంటున్న కుర్రాడు, పెళ్ళిపందిట్లో తప్ప ఎన్నడూ కలవని మనుషుల మధ్య వరసగా నాలుగు పగళ్ళు, నాలుగు రాత్రులు గడిపే సందర్భం ఇది. పెళ్ళిలో పలకరింపులే తప్ప మాటలుండవు. వియ్యం కలుపుకున్న రెండిళ్ళ మధ్య తీరిగ్గా మాటలు సాగేది ఈ నాలుగు రోజుల్లోనే.

ఇందుకు సంక్రాంతే ఎందుకు కుదిరిందో పొలాన్ని చూస్తే తెలుస్తుంది. ధవళేశ్వరం దగ్గర సర్ ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టిన ఆనకట్ట 1852లో పూర్తయింది. దాని కాలవలు పారిన మేరా గోదావరి డెల్టా వరిచేలమయమైంది. వానాకాలంలో నాటిన సార్వా పంట నవంబరు, డిసెంబరు నెలల్లో కోతకొస్తుంది. కోతలు, నూర్పిళ్ళు ముగిసి ధాన్యం ఇల్లు చేరేసరికి ధనుర్మాసం నడుస్తుంటుంది. రెండో పంట దాళ్వా పనులు ఇంకా మీదపడి ఉండవు. రైతు ఇంట్లో గింజ, చేతిలో కాస్త డబ్బు, ఒంటికి తీరిక ఒక్కసారే ఉండే రోజులు ఏడాది మొత్తంలో ఇవే. పొలం లేని ఇళ్ళకు కూడా కోతకూలి చేతికందే కాలం ఇదే. ఉన్నవాళ్ళు ఘనంగా, లేనివాళ్ళు ఉన్నంతలో అల్లుణ్ణి పిలుచుకోగలిగేది అప్పుడే కాబట్టి ఆచారం అక్కడ స్థిరపడింది.

తేదీ విషయంలోనూ ఈ పండగకు ఒక సౌకర్యం ఉంది. మన పండగలు చాలావరకు చంద్రుడి తిథులను బట్టి ఏటా ముందుకూ వెనక్కూ జరుగుతాయి. సంక్రాంతి సూర్యుడు మకరరాశిలో ప్రవేశించే రోజు కనుక జనవరి 14 గానీ 15 గానీ దాటదు. ముందురోజు భోగి, మర్నాడు కనుమ, ఆ మర్నాడు ముక్కనుమ. 2025లో భోగి 13న, సోమవారం పడింది. దాని ముందున్న శనాదివారాలను కలుపుకున్నవారికి మూడు రోజుల పండగ అయిదు రోజులైంది. పట్నాల్లో ఉద్యోగాలు చేసేవాళ్ళు కొత్త క్యాలెండరు చేతికి రాగానే మొదట తిప్పి చూసేది ఈ లెక్కకోసమే.

ఎన్నాళ్ళు ఉండాలో కూడా ఆచారమే తేల్చేసింది. కనుమనాడు కాకైనా కదలదని సామెత. ఆ రోజు ప్రయాణం పెట్టుకుంటే కీడని పెద్దల నమ్మకం. నమ్మకం మాట అలా ఉంచితే, దీనివల్ల జరిగే మేలు మాత్రం కళ్ళకు కనిపిస్తుంది. సంక్రాంతి భోజనం అవగానే సంచి సర్దుకునే అల్లుడికి ఇంకో రోజు తప్పనిసరిగా ఉండాల్సి వస్తుంది. మొదటి రెండు రోజులూ మర్యాదలతో బిగుసుకుపోయిన ఇల్లు కాస్త సడలేది ఆ మూడోరోజునే. మామగారు అల్లుడితో పంట ఖర్చులు మాట్లాడేది, బావమరిది తన ఉద్యోగం బెంగ చెప్పుకునేది సాధారణంగా కనుమనాటి మధ్యాహ్నమే.

అయితే ఇక్కడ ఒక చిక్కుంది. సంక్రాంతి పెద్దలను తలుచుకునే రోజు కూడా. ఉత్తరాయణ పుణ్యకాలంలో పితృదేవతలకు తర్పణాలు వదలడం, వాళ్ళ పేరున కొత్తబట్టలు పెట్టి దణ్ణం పెట్టుకోవడం కోస్తా ఇళ్ళలో పండగకు ప్రాణం వంటి పని. కొడుకులు ఇంట్లో ఉండాల్సిన రోజది. ఆ కొడుకే మరో ఇంటికి అల్లుడు. తండ్రి బతికున్నవాడికి తర్పణం విధి లేదు కాబట్టి కొత్త అల్లుళ్ళకు మొదట్లో వెసులుబాటు ఉంటుంది. ఆ పని తండ్రి చూసుకుంటాడు. ఏళ్ళు గడిచి ఇంటి పెద్దరికం తన మీద పడ్డాక ఆ వెసులుబాటు పోతుంది. అందుకే చాలా కుటుంబాలు భోగి, సంక్రాంతి ఒక ఊళ్ళో, కనుమ మరో ఊళ్ళో అని పంచుకుంటాయి. రెండూళ్ళూ దగ్గరలో ఉంటే చిక్కే లేదు. ఒకటి శ్రీకాకుళం వైపు, ఇంకోటి నెల్లూరు వైపు అయితే ఒక ఏడు ఇటు, ఒక ఏడు అటు అనుకోవడమే దారి. ఈ మాట పెళ్ళైన కొత్తలోనే రెండిళ్ళవాళ్ళూ కూర్చుని అనుకుంటే మంచిది. అనుకోని చోట ఏటా జనవరిలో ఎవరో ఒకరి మనసు నొచ్చుకుంటుంది.

పిలుపుకు ఒక పద్ధతుంది. అల్లుడికి నేరుగా ఫోను చేసి రమ్మంటే సరిపోదు. ముందు వియ్యంకుణ్ణి, వియ్యపురాలిని అడగాలి. ‘పిల్లల్ని పండక్కి పంపించండి, మీరూ రావాలి’ అని అన్నాకే అల్లుడికి చెబుతారు. ఒకప్పుడు మామగారో బావమరిదో స్వయంగా వెళ్ళి బొట్టుపెట్టి పిలిచి, కుదిరితే వెంటబెట్టుకుని తెచ్చేవారు. ఇప్పుడు ఫోనుతోనే పని జరుగుతోంది. అయినా వియ్యాలవారిని ముందు అడగడమన్న మర్యాద మాత్రం పోలేదు.

ప్రయాణం ఈ పండగలో అందరూ భయపడే ఘట్టం. రైలు టికెట్లు 60 రోజుల ముందు తెరుస్తారు (2024 నవంబరుకు ముందు 120 రోజుల గడువుండేది). సంక్రాంతికి వెళ్ళాలంటే నవంబరు నడిమికి మేలుకోవాలి, అదీ తెరిచిన నిమిషాల్లోనే. దొరకనివాళ్ళు ప్రత్యేక రైళ్ళనీ, ఆర్టీసీ అదనపు బస్సులనీ నమ్ముకుంటారు. సొంత కారున్నవాళ్ళు హైదరాబాదు నుంచి విజయవాడ దారి పడతారు. ఆ దారిలో పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్‌గేట్ల దగ్గర పండగ ముందు రోజుల్లో బారులు తీరే కార్ల ఫొటోలు ఏటా పత్రికల మొదటి పేజీల్లో వస్తాయి. కోనసీమ నడిబొడ్డుకు ఇప్పటికీ రైలు లేదు. రాజమహేంద్రవరంలోనో పాలకొల్లులోనో దిగి రోడ్డున వెళ్ళాలి, లేదా నరసాపురం రేవులో పంటు అనే రేవు పడవెక్కి గోదావరి దాటి సఖినేటిపల్లి వైపు దిగాలి. తెల్లవారుజామున మంచులో, మోటారు చప్పుడు తప్ప ఏమీ వినిపించని నీటిమీద, అవతలి ఒడ్డున స్కూటరు మీద ఎదురుచూస్తున్న బావమరిది నీడలా కనిపించే ఆ ప్రయాణం కోసమైనా ఒకసారి ఆ దారిన వెళ్ళవచ్చు.

ఊళ్ళో అడుగుపెట్టగానే ఎదురయ్యేది వరసలు. అత్తగారిని అత్తయ్యగారూ అనీ, మామగారిని మామయ్యగారూ అనీ పిలవాలి. భార్య అక్క వదినగారు, చెల్లెలు మరదలు, అన్న బావగారు, తమ్ముడు బావమరిది. భార్య అక్కచెల్లెళ్ళ భర్తలు తోడల్లుళ్ళు. తెలంగాణలో వాళ్ళనే షడ్డకులంటారు. ఈ పదాల్లో ఒక పాత కథ దాగి ఉంది. మేనమామ, మామగారు ఇద్దరికీ తెలుగులో మామే. మేనత్తా అత్తే, అత్తగారూ అత్తే. మేనత్త కొడుకూ, అక్క మొగుడూ ఇద్దరూ బావలే. మేనరికాలు వాడుకగా ఉన్న సమాజంలో పుట్టిన వరసలివి. ద్రావిడ భాషల బంధుత్వ పదాల్లో కనిపించే ఈ అల్లికను పరిశోధించి థామస్ ట్రౌట్‌మన్ 1981లో ఒక పెద్ద గ్రంథమే ప్రచురించాడు. మేనరికాల రోజుల్లో చాలామంది కొత్త అల్లుళ్ళకు అత్తవారిల్లు కొత్త ఇల్లు కాదు. అది చిన్నప్పుడు వేసవి సెలవులకు వెళ్ళిన అమ్మమ్మగారి ఇల్లు. ఏ గదిలో చీకటి, ఏ చెట్టుకు తీపి జామకాయలు కాస్తాయి అన్నీ తెలుసు. ఇప్పుడు మేనరికాలు తగ్గాయి. పెళ్ళిసంబంధాలు మ్యారేజి బ్యూరోల్లో, వెబ్‌సైట్లలో, కాలేజీల్లో, ఆఫీసుల్లో కుదురుతున్నాయి. పిలిచే పదాలు మాత్రం పాతవే, మనుషులు కొత్తవాళ్ళు. మామయ్యగారూ అని పిలుస్తున్న మనిషితో చిన్ననాటి జ్ఞాపకం ఒక్కటీ ఉండదు. అది కొత్తగా సంపాదించుకోవాలి. మొదటి పండగకు ఇంత బరువు వచ్చింది ఇందుకే.

వేరే కులం, వేరే ప్రాంతం, వేరే భాష నుంచి వచ్చిన అల్లుడైతే ఈ బరువు రెట్టింపు. గోదావరి యాసలో ప్రతి మాట చివరా వినిపించే ‘అండి’నీ, సమ్మతిగా పలికే ‘ఆయ్’నీ విని కొందరు కొత్తవాళ్ళు తడబడతారు. వయసులో చిన్నవాణ్ణి కూడా ‘అల్లుడుగారూ, రండి, కూర్చోండి’ అని మామగారు బహువచనంలోనే పిలవడం అక్కడి మర్యాద. అంత పెద్దవాళ్ళు తనను ‘మీరు’ అంటుంటే ఇబ్బందిగా ఉంటుంది నిజమే. వద్దని ఒకసారి చెప్పి చూడవచ్చు. వాళ్ళు మానకపోతే ఊరుకోవడమే గౌరవం. పాతకాలం ఇళ్ళలో అత్తగారు అల్లుడి ఎదుటపడి మాట్లాడేది కూడా కాదు. తలుపు చాటున నిలబడి కూతురి చేతో చిన్నపిల్లల చేతో అడిగించేది. ఇప్పుడు ఎదురుగా కూర్చుని క్షేమసమాచారాలు అడుగుతున్నారు. పోయినందుకు ఎవరూ బాధపడనక్కర్లేని ఆచారాల్లో అదొకటి.

ఇంటికి చేరగానే కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళిస్తారు. గుమ్మంలో జంటను నిలబెట్టి ఎర్రనీళ్ళతో దిష్టి తీస్తారు. వీధి వాకిట ముగ్గులు, వాటి మధ్య గొబ్బెమ్మలు, వాటి మీద గుమ్మడిపూలు, బంతిపూలు. కొన్ని ఊళ్ళలో మండువా లోగిళ్ళు ఇంకా మిగిలే ఉన్నాయి. చాలాచోట్ల వాటి స్థానంలో డాబాలు వచ్చాయి. ఏ ఇల్లైనా పండగ నాలుగు రోజులూ అది చాలదు. తోడల్లుళ్ళు, వాళ్ళ పిల్లలు, పిన్నులు, బాబాయిలు అంతా చేరతారు. ఉన్న ఒక్క మంచి గదీ కొత్త జంటకిచ్చి మిగిలినవాళ్ళు హాల్లో పరుపులు పరుచుకుంటారు. స్నానాలకు వరస ఉంటుంది. ఫోనుకు సిగ్నలు మేడమీదే దొరుకుతుంది. వీటిని అసౌకర్యాలుగా లెక్కపెట్టుకునేవాడికి నాలుగు రోజులు నలభై రోజులవుతాయి.

భోగినాడు తెల్లవారుజామునే లేవాలి. దీనికి మినహాయింపు లేదు. మూడు, నాలుగు గంటల వేళకే వీధిలో పాత కలప, తాటాకులు, కొబ్బరి మట్టలు పేర్చి మంట వేస్తారు. నెల రోజులుగా పిల్లలు ఆవుపేడతో తట్టి, ఎండబెట్టి, తాటికి గుచ్చిన పిడకల దండలను అందులో వేస్తారు. ఆ మంట మీదో దాని నిప్పుల మీదో నీళ్ళు కాచి తలంట్లు పోస్తారు. నువ్వులనూనె, శనగపిండి నలుగు, కుంకుడుకాయ పులుసు. పట్నంలో షాంపూకి అలవాటుపడ్డ కళ్ళకు కుంకుడు పులుసు మంట పుట్టించడం, అల్లుడు కళ్ళు నులుముకోవడం, మరదళ్ళు నవ్వడం ఏటా జరిగేదే. ఆటపట్టించడానికి మరదళ్ళకు, బావమరుదులకు హక్కుందని అందరూ ఒప్పుకుంటారు. సాయంత్రం చంటిపిల్లలకు భోగిపళ్ళు పోస్తారు. రేగుపళ్ళు, చిల్లర నాణేలు, చెరకు ముక్కలు, పూలరెక్కలు కలిపి తలమీంచి జారవిడుస్తారు. ఆ ఇంటి ఆడపడుచుల పిల్లలంతా పీటలమీద వరసగా కూర్చున్నప్పుడు, రెండేళ్ళ తర్వాత ఆ వరసలో మరో పీట పడాలని పెద్దావిడ ఎవరో పైకే అనేస్తుంది. కొత్తజంటకు అదొక ఇరకాటం. పిల్లల విషయంలో ఇంకా ఏమీ తేల్చుకోని జంటను, పిల్లలు కలగక బాధపడుతున్న జంటను ఈ మాట నలుగురిలో గుచ్చుతుంది. ఇంటివాళ్ళే దాన్ని ఆపాలి.

సంక్రాంతినాడు కొత్తబియ్యంతో పరమాన్నం, గుమ్మడికాయ పులుసు తప్పనిసరి. హరిదాసు తలమీద అక్షయపాత్రతో వస్తాడు, గంగిరెద్దులవాళ్ళు సన్నాయితో వస్తారు. దోసిళ్ళతో బియ్యం పోయడానికి ఇంటి కూతుర్నీ అల్లుణ్ణీ ముందుకు తోస్తారు. పెద్దలకు బట్టలు పెట్టుకున్నాక జంటను పీటలమీద కూర్చోబెట్టి బొట్టుపెట్టి బట్టలు పెడతారు. అల్లుడికి పంచెల చాపు, ప్యాంటు, చొక్కా, శక్తి ఉంటే వాచీయో ఉంగరమో. మొదటి పండగకు బైకు, కారు ఇచ్చామని చెప్పుకునే ఇళ్ళూ ఉన్నాయి. ఇక్కడ మాట స్పష్టంగా ఉండాలి. ప్రేమకొద్దీ పెట్టే పంచెల చాపు వేరు, మధ్యవర్తుల ద్వారా ముందే అడిగించుకున్న బండి వేరు. 1961 వరకట్న నిషేధ చట్టం పెళ్ళికి ముందు, పెళ్ళినాడు ఇచ్చేవాటినే కాక, పెళ్ళికి సంబంధించి ఆ తర్వాత ఎప్పుడిచ్చినవాటినైనా కట్నం కిందే చూస్తుంది. అడగడమే నేరం. కూతురి మొదటి పండగ కోసం అప్పు చేసే తండ్రి ఆ అప్పు తీర్చేసరికి మరో రెండు సంక్రాంతులు గడుస్తాయి. ఏమీ వద్దని అల్లుడు పదిహేను రోజుల ముందే మామగారికి నేరుగా చెబితే ఆ ఇంటికి అంతకంటే పెద్ద పండగ కానుక లేదు.

ఇక తిండి. అల్లుడి రాకకు పది రోజుల ముందు నుంచే ఇంట్లో పిండివంటల పని మొదలవుతుంది. అన్నిటికీ పెద్ద అరిసె. కొత్తబియ్యం నానబోసి, వార్చి, తడి ఆరకముందే పిండి పట్టించి జల్లిస్తారు. కొత్తబెల్లం పాకం పట్టి, నీళ్ళలో వేస్తే ఉండకట్టే అదను చూసి పిండి కలుపుతారు. ఆ ముద్దనే చలిమిడి అంటారు. పాకం కాస్త ముదిరితే అరిసె గట్టిపడుతుంది, లేతగా దింపితే నూనెలో విడిపోతుంది. వేగిన అరిసెను రెండు చెక్కల మధ్య అదిమి నూనె తీస్తారు. పాకం అదను తెలిసిన మనిషి ఊళ్ళో ఇద్దరో ముగ్గురో ఉంటారు, పండగ ముందు వారం వాళ్ళకు ఒక్కపూట తీరికుండదు. అరిసెలతోపాటు సున్నుండలు, కజ్జికాయలు, జంతికలు, గవ్వలు, పొంగడాలు. తాపేశ్వరం మడతకాజా, ఆత్రేయపురం పూతరేకులు మాత్రం కొని తెస్తారు. బోర్లించిన కుండమీద బియ్యప్పిండి నీళ్ళలో ముంచిన గుడ్డతో ఒక్క తడుపు తడిపి, కాగితం కంటే పల్చని రేకు తీసే ఆ పనితనానికి 2023లో భౌగోళిక గుర్తింపు దక్కింది.

మధ్యాహ్న భోజనంలో అల్లుడి ఆకు మీద ఖాళీ కనబడకూడదన్నది గోదావరి పంతం. పప్పు, పనసపొట్టు కూర, కందబచ్చలి, ముక్కలపులుసు, బూరెలు, పులిహోర, గడ్డపెరుగు. వద్దంటే మొహమాటమనుకుంటారు, తింటే మారు వడ్డిస్తారు. ఈ పంతం ఈ మధ్య లెక్కల పోటీగా మారింది. 2022 జనవరిలో నరసాపురంలో ఒక కుటుంబం కాబోయే అల్లుడి ముందు 365 రకాల వంటకాలు పెట్టిన సంగతి దేశమంతా వార్త అయింది. ఆ తర్వాత ఏటా ఎక్కడో ఒకచోట ఇలాంటి విందు ఫొటోలకెక్కుతోంది. బల్లనిండా గిన్నెలతో ఆ ఫొటో అందంగానే ఉంటుంది, అందులోని ప్రేమా నిజమే. కానీ ఇద్దరు మనుషులు ఒక పూటలో 365 రకాలు రుచి కూడా చూడలేరు. అత్తగారు స్వయంగా వండిన నాలుగు కూరల్లో ఏది నచ్చిందో అల్లుడు పేరు పెట్టి చెప్పగలిగితే, ఆవిడ ఆ మాటను పదేళ్ళు గుర్తుంచుకుంటుంది. కడుపు పట్టనప్పుడు చేయి అడ్డుపెట్టి వద్దనడం కంటే, ‘రాత్రికి ఇదే పెట్టండి అత్తయ్యగారూ’ అనడం అందరికీ హాయి.

ఆ వంటింట్లో ఎవరున్నారన్న ప్రశ్న మాత్రం విస్తరి దగ్గర కూర్చున్నవాళ్ళకు తరచుగా తట్టదు. అల్లుడు పీటమీద కూర్చుని తింటున్న వేళ, అదే ఇంటి కోడలు పొయ్యి దగ్గర నిలబడి గారెలు వేస్తుంటుంది. ఆవిడకూ ఒక పుట్టిల్లుంది. అక్కడా ఒక తల్లి అరిసెలు డబ్బాకెత్తి ఎదురుచూస్తుంటుంది. ఇంటి ఆడపడుచు పుట్టింటికి రావాలంటే ఇంటి కోడలు పుట్టింటికి వెళ్ళకుండా ఆగాలన్నది ఈ ఆచారంలో ఎవరూ పైకి అనని షరతు. భార్యాభర్తలిద్దరికీ అత్తవారిల్లు అన్న మాట ఒకటే. ఒకరికి అది నాలుగు రోజుల కుర్చీ, ఇంకొకరికి నాలుగు రోజుల చాకిరీ. కొత్త కోడలు భర్త ఊరికి పండక్కి వెళితే ఎదురయ్యేది ఈ రెండోదే. తెల్లారుజామున ముగ్గు దగ్గర మొదలై రాత్రి గిన్నెలతో ముగుస్తుంది. ఉద్యోగానికి సెలవు పెట్టి వచ్చిన అమ్మాయికి అది సెలవు కాదు. కొన్ని ఇళ్ళలో ఇప్పుడు అల్లుళ్ళే లేచి వడ్డిస్తున్నారు, కొబ్బరి తురుముతున్నారు, మంచినీళ్ళ బిందెలు మోస్తున్నారు. మొదటిసారి ‘అయ్యో, మీరెందుకండీ’ అంటారు. రెండోసారి పీట జరిపి చోటిస్తారు. కోడలు కూడా ఒక సంక్రాంతి తన తల్లి దగ్గర గడిపేలా ఏడాది విడిచి ఏడాది ఏర్పాటు చేసుకున్న ఇళ్ళలో అత్తగారు పిండివంటలను కొంత తగ్గించి, కొంత కొని సర్దుకుంటోంది. పండగకు లోటేమీ రావడం లేదు.

కనుమ పశువుల పండగ. ఎద్దులను, ఆవులను కడిగి, కొమ్ములకు రంగులు వేసి, పసుపు కుంకుమలు పెట్టి దణ్ణం పెడతారు. ట్రాక్టర్లు వచ్చాక ఎద్దులు తగ్గాయి, పాడిగేదెలకే పూజ మిగిలిన ఊళ్ళు చాలా ఉన్నాయి. ఆ రోజు మినుము తినాలంటారు కనుక గారెలు, వాటితో నాటుకోడి కూర. మాంసం తినని ఇళ్ళలో గారెలు, ఆవడలు. మధ్యాహ్నం పొలానికో కొబ్బరితోటకో వెళ్ళి, బొండాలు కొట్టించుకుని, నిప్పుల మీద కాల్చిన తేగలు చీల్చుకు తింటారు. పట్నంలో పెరిగిన అల్లుడికి తేగలో చందమామ ఎక్కడుంటుందో చూపించి, తాటిబుర్ర పగలగొట్టి గుంజు తీసిపెట్టడంలో ఊరివాళ్ళకు గొప్ప సంబరం. ఆ సంబరంలో పాలుపంచుకోవడమే అక్కడ అసలైన చుట్టరికం.

కోనసీమలో ఉన్నవాళ్ళు కనుమనాడు అంబాజీపేట మండలం మొసలపల్లి దగ్గరి జగ్గన్నతోటకు తప్పక వెళ్ళాలి. చుట్టుపక్కల పదకొండు ఊళ్ళ శివాలయాల నుంచి ఏకాదశ రుద్రులు ప్రభలమీద ఆ కొబ్బరితోటకు వస్తారు. వెదుళ్ళతో కట్టి, రంగుల వస్త్రాలతో అలంకరించిన ఎత్తయిన ప్రభలను ఊరి యువకులు భుజాల మీద మోసుకొస్తారు. గంగలకుర్రు ప్రభలు కౌశిక నదిలో దిగి, నీళ్ళు దాటి వచ్చే క్షణం కోసం వేలమంది ఒడ్డున కాచుకుంటారు. దారిలో పచ్చని చేలు తొక్కుడుపడినా ఆ రైతులు అడ్డు చెప్పరు, దేవుడు నడిచిన చేనని సంతోషిస్తారు. 2023 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీ కర్తవ్యపథ్‌లో ఆంధ్రప్రదేశ్ శకటంగా నడిచింది ఈ ప్రభల తీర్థమే.

అదే రోజుల్లో భీమవరం, అమలాపురం పరిసరాల్లో కోడిపందేల బరులు వెలుస్తాయి. ‘అల్లుడుగారికి పందెం చూపించి తీసుకొస్తాం’ అని బయల్దేరదీసే బంధువు ప్రతి ఊళ్ళోనూ ఉంటాడు. కాళ్ళకు కత్తులు కట్టి కోళ్ళను కొట్టుకు చంపించడం 1960 జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరం, దానిమీద డబ్బు కాయడం 1974 నాటి రాష్ట్ర గేమింగ్ చట్టం ప్రకారం నేరం. 2016లో ఉమ్మడి హైకోర్టు కూడా వీటిని అరికట్టాలని ఆదేశించింది. అయినా ఏటా నడుస్తున్నాయన్నది నిజం. పక్కనే గుండాటలు, మద్యం. పండక్కి తెచ్చుకున్న జీతం అక్కడ పోగొట్టుకుని అత్తవారింట తలదించుకున్న అల్లుళ్ళ కథలు డెల్టాలో ప్రతి ఊళ్ళో చెబుతారు. రానని చెప్పడానికి మొదటి ఏడే సరైన సమయం. ఒకసారి వెళితే రెండో ఏడు కాదనడం కష్టం.

తెలుగునేల అంతటా ఈ పిలుపు సంక్రాంతికే ఉండదు. తెలంగాణలో ఆడబిడ్డ పుట్టింటికి చేరే పండగ బతుకమ్మ. తొమ్మిది రోజుల ఆట ముగిశాక దసరాకు అల్లుడు వస్తాడు, జమ్మిఆకు ‘బంగారం’ చేతిలో పెట్టి పెద్దల కాళ్ళకు మొక్కుతాడు. అక్కడ సంక్రాంతికి సకినాలు చేస్తారు. కొత్తగా పెళ్ళైన కూతురి అత్తవారింటికి, వాళ్ళు ఊరంతా పంచుకునేంతగా, గంపలతో పంపుతారు. తమిళనాట స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో కొన్ని, పెళ్ళయ్యాక మొదటి దీపావళికి అల్లుణ్ణి పిలిచే అక్కడి తలదీపావళి ఆచారాన్ని తమదిగా చేసుకున్నాయి. అమెరికాలో ఉన్నవారికి జనవరిలో సంక్రాంతి సెలవు లేదు. డిసెంబరు చివర్లో వచ్చి పండగ వెళ్ళాక తిరిగివెళ్ళేలా సెలవులు దాచుకునే కొత్త జంటలున్నాయి. రాలేనివాళ్ళ కోసం వాకిట్లో ముగ్గునీ, భోగిమంటనీ తల్లి ఫోనులో చూపిస్తుంది. అక్కడ అప్పుడు ముందురోజు సాయంత్రం.

ముక్కనుమనాడు ప్రయాణాలు మొదలవుతాయి. కారు డిక్కీ తెరిచి ఉంటుంది. అరిసెల డబ్బా, జంతికల డబ్బా, వలిచిన కొబ్బరికాయల సంచి, కొత్తబియ్యం బస్తా, ఆవకాయ జాడీ, పెరట్లో కోసిన అరటిగెల. చోటు లేదని కూతురు అంటుంటే, కాళ్ళ దగ్గర పెట్టుకోమని తల్లి ఇంకో సంచి అందిస్తుంది. వియ్యాలవారికి వేరే డబ్బా కట్టి, దానిమీద పేరు రాసి పెడతారు. కూతురికి పసుపు కుంకుమ పెట్టి, జాకెట్టు గుడ్డ చేతిలో ఉంచుతారు. జంట వంగి దణ్ణం పెడితే మామగారు అక్షింతలు వేసి, వచ్చే ఉగాదికే రావాలని ఒకటికి రెండుసార్లు చెబుతాడు. బండి వీధి మలుపు తిరిగేదాకా అందరూ గుమ్మంలోనే నిలబడి ఉంటారు. రాజమహేంద్రవరం దాటగానే ఒకసారి, విజయవాడలో ఒకసారి, ఇల్లు చేరాక ఒకసారి ఫోను చేయాలి. ఆ చివరి ఫోను కూతురు కాక అల్లుడే చేస్తే, అవతల అత్తగారు ఆ రాత్రికి నిశ్చింతగా పడుకుంటుంది.